అత్తగారికి అడ్డొచ్చిన కొండ

పెళ్ళయిన పదకొండేళ్ళకి మా అత్తగారు నాతో మొట్టమొదటిసారి నేరుగా మాట్లాడారు. ఐర్లాండ్‌లో విక్లో కొండల మీద, చీలమండలు మునిగే మంచులో నిలబడి, ఒక ఫోటో అడగడానికి. ఆ ఫోటో ఆవిడకి ఎంత అవసరమో, దాన్ని అడగలేక ఎన్ని వారాలుగా గుటకలు మింగుతున్నారో అప్పటిదాకా నాకు తెలియదు. కొండలు తప్ప మనుషులు కంటికి ఆనని రోజులవి నాకు.

అన్నేళ్ళూ మాట్లాడలేదంటే మా మధ్య తగువేదో ఉందనుకునేరు. అలాంటిదేమీ లేదు. ఆవిడ పుట్టి పెరిగిన ఇళ్ళల్లో అత్తగారు అల్లుడితో ఎదురుపడి మాట్లాడరు, అంతే. కాకినాడలో వాళ్ళింట్లో భోజనానికి కూర్చుంటే, నా విస్తరి పక్కనే గరిటె పట్టుకుని నిలబడి, వంటింట్లో ఉన్న కూతురికి కేకేసి చెప్పేవారు, అల్లుడుగారిని ఇంకో గారె వేసుకోమనవే అని. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, నాకు చెప్పాల్సిన ప్రతి మాటా మా ఆవిడ మీదుగానే రావాలి. మా ఆవిడ లేకపోతే మామగారి మీదుగా. ఆయనా లేకపోతే గోడ మీదుగా. ఫ్యాను వేసుకుంటే చల్లగా ఉంటుంది కదా అని గోడతో అనేవారు, నేను లేచి వేసుకునేవాణ్ణి. నేనేం తక్కువ తినలేదు. మంచినీళ్ళు కావాలంటే నేనూ గోడకే విన్నవించుకునేవాణ్ణి.

మామగారు పోయిన ఆరేళ్ళకి ఆవిడ మూడు నెలల వీసా మీద డబ్లిన్ పక్కన స్వోర్డ్స్‌లో మా ఇంటికి వచ్చారు. అప్పట్లో డబ్లిన్‌లో నెలకో గాజు ఆఫీసు లేస్తోంది. ఈ సోమవారం మా పక్క సీట్లో కూర్చున్నవాడు వచ్చే సోమవారం కాలవ అవతలి కంపెనీలో తేలేవాడు. జీతాలు పెరిగేవి, అద్దెలు వాటికంటే ముందు పెరిగేవి. రోజుకి పది గంటలు రంగురంగుల స్క్రీన్లు చూసి చూసి మా ఆఫీసులో ప్రతివాడికీ ఒక పిచ్చి పట్టింది. ఒకడు సైకిలు కొన్నాడు, ఒకడు ఇంట్లో రొట్టెలు పులియబెట్టాడు, నేను కెమెరా కొన్నాను.

నాది మామూలు ఫోటోల పిచ్చి కాదు. మంచు పడ్డ కొండలే కావాలి. చలికాలంలో, ఆ నీరసపు వెలుతురులోనే తీయాలి. నేను తీసేది రంగు ఫోటోయే, కానీ జనవరిలో ఆ కొండల మీద రంగు వెతికినా దొరకదు. తెల్లటి మంచు, దాని కింద నుంచి తొంగిచూసే నల్లటి బురదనేల, సీసం రంగు చెరువు, అదే రంగు ఆకాశం. ఎక్కడో ఎండుగడ్డి దగ్గర కాస్త గోధుమ రంగు మిగిలితే అదే పండగ. సూర్యుడు పొద్దున తొమ్మిదికి బద్ధకంగా లేచి, కొండ మీద మోచెయ్యి ఆన్చుకుని కాసేపు చూసి, నాలుగింటికే దుప్పటి ముసుగేస్తాడు. ఆ వెలుతురంటే నాకు ప్రాణం. ఫోటోలో మనిషి మాత్రం ఉండకూడదు. ఎర్ర జాకెట్లు వేసుకుని కొండెక్కే జనం చూపు మేర దాటేదాకా చేతులు కొంకర్లు పోతున్నా ముప్పావు గంట నిలబడ్డ రోజులున్నాయి.

అలా తీసిన మూడు ఫోటోలు పెద్దవి చేయించి హాల్లో తగిలించాను. అత్తగారు వచ్చిన మొదటి రోజే వాటి ముందు చాలాసేపు నిలబడ్డారు. నాకు లోపల ఉబ్బిపోయింది. అప్పుడు మా ఆవిడ ద్వారా మొదటి ప్రశ్న వచ్చింది, అంత పెద్ద కెమెరాలో రంగులు రావా అని. మర్నాడు రెండోది, గోడకి విభూతి పూసినట్టుంది, కాస్త పువ్వులవీ అవీ తీయొచ్చుగా అని. వారం తర్వాత మూడోది వచ్చింది. అల్లుడుగారు మనుషుల్ని తీయరా అని అడుగు. తీయనని చెప్పమన్నాను. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తెల్లవారుజామున లేచి, చీకట్లో కారు తీసి, సాయంత్రానికి ఒక్క బూడిదరంగు ఫోటోతో తిరిగొచ్చే నన్ను చూసి, కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే విన్నాను గానీ చూడటం ఇదే అని మాత్రం గోడతో అన్నారు.

ఆవిడ ప్రయాణం ఇంకో పది రోజులుందనగా మంచు పడింది. ఈ దేశంలో కింద ఊళ్ళల్లో మంచు ఏడాదికి ఒకసారి పడితే గొప్ప. పడుతుందని రేడియోలో చెప్పగానే జనం షాపుల మీద పడి ఉన్న బ్రెడ్డంతా ఎత్తుకుపోతారు, ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మాకూ బ్రెడ్డు దొరకలేదు. మాకేం, దోసెల పిండి ఉంది. శనివారం పొద్దున కొండ దారి తెరిచారని, గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కార్లని వదులుతున్నారని తెలిసి నేను బ్యాగు సర్దేసుకున్నాను. అప్పుడు మా ఆవిడ వచ్చి, అమ్మ కూడా వస్తానంటోంది, మంచు చూడాలట, తీసుకెళ్ళు అంది. శనివారమైనా తనకి ఆ రోజు ఆఫీసువాళ్ళ సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, ల్యాప్‌టాప్ ముందు నుంచి కదిలే వీల్లేదు. రెండున్నర నెలలుగా హీటరు పక్క నుంచి లేవని మనిషికి ఉన్నట్టుండి మంచు మీద మోజేమిటని మా ఇద్దరిలో ఒక్కరికైనా అనుమానం రావాల్సింది. రాలేదు. గంట సేపు కారులో మధ్యవర్తి లేకుండా ఎలాగా అన్నదే నా దిగులు.

అత్తగారు మా ఆవిడ పొడుగు కోటు, మంకీ క్యాపు, బూట్లు వేసుకుని, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నారు. అల్లుడి పక్కన ముందు సీట్లో కూర్చోవడం ఎలాగూ జరిగే పని కాదు. విమానాశ్రయం దాటేదాకా ఇద్దరం ఊపిరి బిగబట్టుకున్నాం. ఆ తర్వాత ఆవిడకి మూడో మనిషి దొరికింది. కారులో దారి చెప్పే అమ్మాయి. ఇంగ్లీషులో కుడి, ఎడమ వరకు ఆవిడకి వచ్చు. ఆ పిల్ల ఎడమకి తిరగమంటోంది, వినిపించుకోరేం పాపం, చదువుకున్న పిల్లలా ఉంది అన్నారు. కాసేపటికి, అమ్మా, హీటరు కాస్త తగ్గించమని చెప్పు తల్లీ అని ఆ అమ్మాయినే అడిగారు. నేను తగ్గించాను. ఇంకో అరగంటలో చేరతామని నేనూ ఆ అమ్మాయికే చెప్పాను. సంతోషం తల్లీ అన్నారు వెనక నుంచి. ఎవరికీ మర్యాద తప్పకుండా కొండ దాకా చేరాం.

చెరువు పైనున్న మలుపులో కారు ఆపాను. కుక్కని తీసుకుని నడకకి వచ్చిన ఒక ముసలాయన, వెనక తలుపు తీసి అత్తగారిని దింపుతున్న నన్ను చూసి టాక్సీ అనుకున్నాడు. కిందికి వెళ్ళేటప్పుడు తననీ కుక్కనీ ఊళ్ళో దింపుతానా అని అడిగాడు. ఈవిడ మా అత్తగారని చెబితే పడీ పడీ నవ్వి, ఆవిడకి టోపీ తీసి నమస్కారం పెట్టి, కుక్కతో సహా మలుపు తిరిగి వెళ్ళిపోయాడు. ఆవిడ గ్రాండ్, గ్రాండ్ అని చెయ్యి ఊపారు. బాగుందనడానికి ఇక్కడివాళ్ళు వాడే ఆ ఒక్క మాటతోనే రెండున్నర నెలలుగా ఐర్లాండ్‌తో కాపురం చేస్తున్నారు.

ఇక ఆ మలుపులో మేమిద్దరమే మిగిలాం. ఎదురుగా లోయంతా తెలుపు, అడుగున చెరువు నల్లగా, అవతల కొండ నున్నటి గోడలా లేచి ఉంది. దూరపు కొండలు నునుపంటారు గానీ ఇవి దగ్గరికొచ్చినా నున్నగానే ఉన్నాయే అన్నారు ఆవిడ, ఎవరితోనో. నేను పట్టించుకునే స్థితిలో లేను. ఆ కొండ మీద మబ్బు చీలి ఒక్క చారలా వెలుతురు పడాలని మూడు చలికాలాల నుంచి కాచుకుని ఉన్నాను. ఆ పూట మబ్బు పల్చబడుతోంది. ఇంకో పది నిమిషాల్లో పడేలా ఉంది. గబగబా ట్రైపాడ్ నిలబెట్టి, కెమెరా బిగించి, కన్ను పెట్టి చూద్దును కదా, సరిగ్గా మధ్యలో మంకీ క్యాపు.

పక్కకి వెళ్తారేమోనని ఆగాను. ఆవిడ రెండడుగులు వేసి మళ్ళీ అక్కడికే వచ్చారు. నేను ట్రైపాడ్ ఎడమకి జరిపాను, ఆవిడా జరిగారు. కుడికి జరిపితే కుడికి. జరగండి అని నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. పదకొండేళ్ళ అలవాటు. గోడకి చెబుదామంటే అక్కడ గోడ లేదు. కారులో అమ్మాయిని కట్టేసి వచ్చాం. దాంతో నేను చేసిన పని చెప్పుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పది గజాల దూరంలో నిలబడ్డ మనిషిని కాస్త పక్కకి జరగమని చెప్పమని, ముప్పై మైళ్ళ అవతల స్వోర్డ్స్‌లో ఉన్న మా ఆవిడకి ఫోన్ చేశాను.

ఫోను స్పీకర్లో పెట్టాను. మీ అమ్మని కాస్త పక్కకి జరగమను, వెలుతురు వచ్చేస్తోంది అన్నాను. ఆవిడ అక్కడి నుంచే, నేను జరగనని అల్లుడుగారికి చెప్పు అన్నారు. అవతల కీబోర్డు టకటక ఆగింది. రిలీజ్ మధ్యలో ఉంది పాపం.

"మీరిద్దరూ ఒకే కొండ మీద నిలబడి నాకు ఫోన్ చేశారా? మీ ఇద్దరికీ దండం పెడతాను, మీరే మాట్లాడుకోండి" అని పెట్టేసింది.

ఫోను జేబులో పెట్టుకున్నాను. నేను బూట్ల వంక చూశాను, ఆవిడ చేతిసంచి వంక చూసుకున్నారు.

"నేను అడ్డం రాలేదండీ. కావాలనే నిలబడ్డాను" అన్నారు.

అది నాతోనే అని అర్థం కావడానికి నాకు కొంచెం టైము పట్టింది. వెనక్కి తిరిగి కూడా చూశాను, ముసలాయన తిరిగొచ్చాడేమోనని.

"నాకు ఫోటో ఒకటి తీసిపెట్టండి. నేనొక్కదాన్నే ఉండాలి. గోడకి పెట్టుకునే ఫోటో."

మా హాల్లోకా అండీ అన్నాను. బుద్ధి తక్కువ మాట.

"ఏ హాలైతే ఏవుందండీ. నేను పోయాక ఎక్కడ పెట్టుకుంటే అక్కడికి."

ఒకసారి నోరు తెరిచాక ఆవిడ ఆగలేదు. పదకొండేళ్ళ బాకీ అంతా వచ్చేసింది. మామగారు పోయిన రోజున ఇల్లంతా వెతికితే ఆయన ఒక్కరే ఉన్న ఫోటో ఒక్కటీ దొరకలేదట. చివరికి ఎవరిదో పెళ్ళి గుంపు ఫోటోలోంచి తల కత్తిరించి ఇస్తే, పంచె తప్ప కట్టని మనిషికి స్టూడియోవాడు కంప్యూటర్లో నీలం కోటు తొడిగి, టై కట్టి తెచ్చాడు. భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది, దాన్ని చెరపమంటే చెరిపి అక్కడో గులాబీ పెట్టాడు. ఆరేళ్ళుగా పొద్దున్నే లేచి ఆ కోటాయనకి దండం పెడుతున్నానండీ, ఎవరి మొగుడో ఏవిటో అన్నారు. నవ్వుతూనే అన్నారు. ఆవిడ నవ్వుతున్నారు కాబట్టి నేనూ నవ్వాను, కానీ ఆ నవ్వు నాకు మింగుడుపడలేదు. ఆ ఫోటో ముందు నేనూ ఎన్నోసార్లు నిలబడ్డాను. కోటు చూశాను, గులాబీ చూశాను, ఏనాడూ ఏమీ అనిపించలేదు. జేబులో కెమెరా ఫోనున్న అల్లుణ్ణి, ఆయన ఉండగా ఆరుసార్లు ఆ ఊరు వెళ్ళినవాణ్ణి, ఒక్కసారి కూడా ఆయన్ని నిలబెట్టి తీయలేదు.

ఇప్పుడు తన వంతుకి తనని ఏ పెళ్ళిలోంచి కత్తిరిస్తారో, ఏం తొడుగుతారో అని ఆవిడ దిగులు. ఫోన్లలో తీసినవన్నీ గరిటె పట్టుకున్నవీ, నోరు తెరిచినవీ. ఫ్లాష్ వేస్తే కళ్ళు మూసుకుపోతాయి. వీసా కోసం దిగిన ఫోటో ఒకటుంది, అది గోడకెక్కితే దండం పెట్టరు, పోలీసులకి ఫోన్ చేస్తారన్నారు. కూతుర్ని అడిగితే ఏడ్చి రాద్ధాంతం చేస్తుంది, శుభమా అని వచ్చి ఇవేం మాటలంటుంది. అందుకని నన్నే అడగాలని వచ్చిన వారం నుంచీ చూస్తున్నారట. అల్లుడుగారు మనుషుల్ని తీయరా అన్న ప్రశ్న అందుకు. నేను తీయనని గోడ దూకినంత తేలిగ్గా చెప్పించాను.

"అమ్మాయికి చెప్పకండి" అన్నారు. చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది, తర్వాత సంగతి తర్వాత.

ఉండండి అని ఆవిడ సంచి తెరిచారు. అందులోంచి దువ్వెన, పౌడరు డబ్బా వచ్చాయి. మంకీ క్యాపు తీశారు. కోటు గుండీలు విప్పడం మొదలుపెట్టారు. వద్దండీ, చలి అంటే వినలేదు. కోటు కింద గంధం రంగు పట్టుచీర, సన్న జరీ అంచు. అప్పుడు తెలిసింది, మంచు చూడటానికి రాలేదు ఆవిడ. పొద్దున్నే అంతా సిద్ధమై, పైన కోటు కప్పుకుని వచ్చారు. ఒంటి మీద పట్టుచీరతో, వణకకూడదని పళ్ళు బిగించి, కొండకి వీపు పెట్టి నిలబడ్డారు.

సరిగ్గా అప్పుడే వెనక మబ్బు చీలింది. కొండ మీద వెలుతురు చారలా పడింది. మూడేళ్ళుగా నేను కలలు గన్నది అదే. అబ్బ, ఏం వెలుతురది, కొండ కొండంతా పాలరాయిలా లేచి నిలబడింది. కెమెరాకి ఒక రోగం ఉంది. వెలుగుతున్న మంచునీ, దాని ముందున్న చామనఛాయ మొహాన్నీ ఒకేసారి చూడలేదు. మంచుని సరిగ్గా చూపిస్తే మొహం చీకటవుతుంది, మొహాన్ని చూపిస్తే మంచు ఉత్త తెల్ల కాగితమవుతుంది. ఫ్లాష్ ఉంటే రెండూ వచ్చేవి. కొండకి ఫ్లాష్ ఎందుకని దాన్ని ఇంట్లోనే వదిలేసి వచ్చాను. చేతి అలవాటు కొద్దీ మొదటిది కొండకే తీశాను. చూపించమన్నారు. కెమెరా తీసుకెళ్ళి చూపించాను. కొండ దేదీప్యమానంగా ఉంది, ముందు ఒక నల్లటి ఆకారం.

ఆవిడ తల పంకించి, కొండ బాగా వచ్చిందండీ, ముందర ఎవరో అడ్డొచ్చారు అన్నారు.

నాకు చాలా సిగ్గేసింది. వెనక్కి వెళ్ళి, వెలుతురు లెక్క ఆవిడ మొహానికి పెట్టాను. స్క్రీన్ మీద కొండ మెల్లిగా తెల్లబోయింది, చెరువు గట్టు పోయింది, ఆకాశం పోయింది. పోతున్నకొద్దీ ఆవిడ మొహం పైకొచ్చింది. నుదుటి మీద గీతలు, ముక్కుపుడక, చలికి నీళ్ళు తిరిగిన కళ్ళు, ఇంకో గారె వేసుకోమని ఇప్పుడే కేకేయబోతున్నట్టున్న మూతి. పదకొండేళ్ళలో ఆవిణ్ణి నేను అంత సేపు, అంత దగ్గరగా చూడటం అదే మొదలు. నవ్వమంటారా అన్నారు. మీ ఇష్టమండీ అన్నాను. నవ్వలేదు. నొక్కాను.

కోటు తెచ్చి కప్పి ఫోటో చూపించాను. కెమెరా రెండు చేతులా పట్టుకుని చాలాసేపు చూసుకున్నారు. ఇది నేనే అన్నారు. తర్వాత ఫోటో అంతా వెతికి, కొండ ఏదండీ అని అడిగారు.

"మీ మొహం రావాలంటే కొండ పోవాల్సిందేనండీ."

ఆవిడ వెనక్కి తిరిగి ఆ కొండని, దాని మీది వెలుతురుని ఒకసారి నిదానంగా చూశారు.

"కొండకేవండీ. మీరు మళ్ళీ ఎప్పుడొచ్చినా ఇక్కడే ఉంటుంది" అన్నారు.

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చలికే అనుకోండి. వెలుతురు ఇంకో రెండు నిమిషాలుండేలా ఉంది. కోటు మళ్ళీ తీయమని అడిగి, ఆ రెండు నిమిషాలూ ఆవిణ్ణే తీశాను.